2,000 లీటర్ల వేడినీటి ట్యాంకుకు ఉష్ణోగ్రత నియంత్రణ: ఎనిమిదేళ్ల వాడకం తరువాత

టెక్కలి దగ్గర మా నూలు అద్దకం షెడ్డులో రంగు తొట్లకు వేడినీరు అందించే 2,000 లీటర్ల స్టీలు ట్యాంకు ఉంది. 2017లో దానికి 24 కిలోవాట్ల హీటర్లు, కోరిన వేడి నిలిచేలా హీటర్లను సర్దే ఒక పి.ఐ.డి. కంట్రోలర్, వేడిని బట్టి నిరోధం మారే పీటీ-100 సెన్సర్, ఫేజుకొకటి చొప్పున హీటర్లకు కరెంటు ఇచ్చి ఆపే మూడు సాలిడ్ స్టేట్ రిలేలు (కదిలే భాగాలు లేని స్విచ్‌లు), వాటికి ముందు మొత్తం కరెంటును తెంచగల ఒక కాంటాక్టర్ (పెద్ద స్విచ్), వీటితో సంబంధం లేకుండా విడిగా వేడి హద్దు దాటితే కాంటాక్టర్‌ను ఆపేసే ఒక లిమిట్ థర్మోస్టాట్ పెట్టించాము. చివరిది అనవసరపు ఖర్చని అప్పట్లో నేనే వాదించాను. ఈ ఎనిమిదేళ్లలో మా షెడ్డును కాపాడింది అదే.

నీరు 30 డిగ్రీల నుంచి 85కు చేరడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. అక్కడికి చేరాక ఒక డిగ్రీకి మించి అటూ ఇటూ కదలదు. మొదట్లో ఇంత కుదురుగా లేదు. సగం నీటితో ఆటో ట్యూన్ (కంట్రోలర్ తన సర్దుబాట్లను తానే లెక్కగట్టుకునే పని) చేయడం వల్ల నిండు ట్యాంకులో ఉష్ణోగ్రత 90 దాకా పోయేది. పైగా మూడు తీగల సెన్సర్‌ను రెండు తీగలతోనే కలిపారు. పీటీ-100లో డిగ్రీకి మారే నిరోధం 0.385 ఓమ్ మాత్రమే కనుక, పన్నెండు మీటర్ల సన్న తీగ నిరోధమే రెండు డిగ్రీలు ఎక్కువ చూపించింది. మూడో తీగ కలిపాక ఆ తేడా పోయింది.

2021 మే నెలలో ఒక తెల్లవారుజామున ప్యానెల్ దగ్గరికి వెళ్లేసరికి కంట్రోలర్ మీద అవుట్‌పుట్ దీపం ఆరిపోయి ఉంది, అంకె మాత్రం 90 దాటి పైకి పోతోంది. ఒక రిలే లోపల అతుక్కుపోయి, కంట్రోలర్ ఆపమన్నా కరెంటును వదలడం లేదు. ఈ రకం రిలేలు పాడైతే చాలాసార్లు ఇలా కరెంటు పారే స్థితిలోనే ఉండిపోతాయి. నేను మెయిన్ దించేలోగానే, 95 దగ్గర లిమిట్ థర్మోస్టాట్ కాంటాక్టర్‌ను పడేసి కరెంటు ఆపేసింది. ఫేజుకు 33 ఆంపియర్లు లాగే చోట 40 ఆంపియర్ల రిలేలు పెట్టడం కూడా పొరపాటే: ఆంపియరుకు సుమారు ఒక వాట్ చొప్పున మూడూ కలిసి వంద వాట్ల వేడిని మూసిన ప్యానెల్‌లోకి వదులుతున్నాయి, ఆపైన మే నెల ఎండ. ఇప్పుడు 80 ఆంపియర్లవి, వేడిని లాగేసే పెద్ద హీట్‌సింక్‌తో, ఫ్యాను పెట్టి వాడుతున్నాము.

ఇంకొకసారి ట్యాంకు కడిగేటప్పుడు సెన్సర్ దాని గొట్టంలోంచి జారి బయట వేలాడింది. గాలి వేడిని చూసి, నీరు ఇంకా చల్లగా ఉందనుకొని కంట్రోలర్ హీటర్లను ఆపకుండా నడిపింది. తీగ తెగితే కంట్రోలర్ గుర్తుపట్టి ఆపేస్తుంది, ఇలా జారిపోతే గుర్తుపట్టలేదు. థర్మోస్టాట్‌లో వేడిని పసిగట్టే బల్బును వేరే గొట్టంలో పెట్టించడం వల్ల ఆ రోజూ గట్టెక్కాము. రెండూ ఒకే గొట్టంలో ఉంటే రెండూ కలిసే బయటికి వచ్చేవి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేదు. ట్యాంకులో నీళ్లే అందరం తోడుకున్నాము. కరెంటు అర్ధరాత్రి వచ్చింది. నీరు తగ్గితే హీటర్లను ఆపే ఫ్లోట్ స్విచ్ లేకపోయి ఉంటే నీళ్లు లేని హీటర్లు ఎర్రగా కాలిపోయేవి.

లోపాలూ ఉన్నాయి. ప్రమాదం తెలిపే హూటర్ శబ్దం పంపు మోతలో వినిపించదు. మా బోరు నీటికి హీటర్ల మీద సున్నపు పొర త్వరగా కడుతుంది, ఏడాదికి రెండుసార్లు గీకాలి. థర్మోస్టాట్ బల్బు నుంచి వచ్చే సన్నగొట్టం పగిలి అందులోని ద్రవం కారిపోతే సర్క్యూట్‌ను తెరిచి కరెంటు ఆపే రకాన్నే అడిగి తీసుకోవాలి; మేము మొదట కొన్నది అలాంటిది కాదు, 2022లో మార్చాము. చేత్తో నొక్కితేనే తిరిగి కలిసే రకం తప్పనిసరి. దానంతటదే కలిసేదైతే అతుక్కుపోయిన రిలేతో రాత్రంతా కలుస్తూ విడిపోతూనే ఉండేది.

ప్రతి నెలా మొదటి సోమవారం ట్యాంకు వేడిగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ మరను 95 నుంచి కిందికి తిప్పి, కాంటాక్టర్ టప్పున పడే శబ్దం విన్నాకే మళ్లీ 95కు తెచ్చి, బటన్ నొక్కి పని మొదలుపెడతాము.