కెమెరా బ్యాటరీలు, ఛార్జర్లు, మెమరీ కార్డులు: చెన్నైలో ఏళ్ల తరబడి వాడిన తరువాత

కెమెరా ఎంపికకు నెలల తరబడి ఆలోచించేవారు కూడా అదనపు బ్యాటరీ, మెమరీ కార్డు దగ్గరికి వచ్చేసరికి దుకాణదారు చేతిలో పెట్టినదే తెచ్చుకుంటారు. నేను 2018లో వచ్చిన సోనీ ఏ7 త్రీ కెమెరాను చెన్నైలో తెలుగువారి పెళ్లిళ్లకూ, పులికాట్, నేలపట్టుల్లో పక్షుల కోసమూ వాడుతున్నాను. ఇన్నేళ్లలో ఈ కెమెరాకు కొన్న సామగ్రిని బట్టి నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, పెట్టె మీద అన్నింటికన్నా పెద్ద అక్షరాలతో అచ్చువేసిన సంఖ్య మన ఎంపికకు దాదాపు ఎన్నడూ పనికిరాదు. పనికివచ్చే సంఖ్య చిన్న అక్షరాల్లోనో, కెమెరా మాన్యువల్‌లోనో ఉంటుంది.

ముందుగా బ్యాటరీలు. ఈ కెమెరాకు వాడే ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీ సామర్థ్యం 7.2 వోల్టుల వద్ద 2280 మిల్లీ ఆంపియర్ అవర్, అంటే 16.4 వాట్ అవర్. సోనీ లెక్క ప్రకారం వ్యూఫైండర్‌తో, అంటే కంటికి ఆనించి చూసే చోటుతో, ఒక ఛార్జికి 610 ఫొటోలు వస్తాయి కాని, తెరను పదేపదే చూడకుండా వరుసగా తీసేవారికి అంతకు చాలా ఎక్కువే వస్తాయి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉండే మన పెళ్లిళ్లలో, సాయంత్రం ఎదురుకోలు నుంచి తెల్లవారుజామున అప్పగింతల దాకా, నాకు రెండు అసలు (సోనీ) బ్యాటరీలు సరిపోతున్నాయి. ఇతర కంపెనీల బ్యాటరీలు సగం కంటే తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిలో ఒకటి అసలు దానికన్నా ఎక్కువ సామర్థ్యం ఉన్నట్టు ముద్రించుకుని వచ్చింది. అదే కొలతల డబ్బాలో అంత అదనపు శక్తి ఎలా పట్టిందో ఆ తయారీదారుకే తెలియాలి. రెండో వేసవికల్లా అది ఉబ్బి, కెమెరా అరలోంచి బయటికి రావడానికి మొరాయించింది. మరో కంపెనీది ఉబ్బలేదు కాని, తెర మీద ముప్పై శాతం చూపిస్తూనే హఠాత్తుగా ఆగిపోతుంది. మిగిలిన ఛార్జిని నమ్మకంగా చెప్పడం కూడా బ్యాటరీ చేయవలసిన పనే కనుక, అలాంటిదాన్ని సంచిలో అడుగున ఉండే ఆఖరి ఆసరాగా తప్ప నేను లెక్కలోకి తీసుకోను.

చెన్నైలో బ్యాటరీకి అసలు శత్రువు ఎండ. లిథియం అయాన్ బ్యాటరీని నిండా ఛార్జి చేసి వేడిలో ఉంచితే దాని సామర్థ్యం తొందరగా తరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట నిలిపిన కారులో కెమెరా సంచిని వదలడం ఆ రెండింటినీ కలిపి చేయడమే. కొంతకాలం పని ఉండదనుకున్నప్పుడు సగం ఛార్జితో చల్లని గదిలో పెట్టడం వల్ల నా అసలు బ్యాటరీలు ఇప్పటికీ బాగానే పని చేస్తున్నాయని నేను అనుకుంటున్నాను.

ఛార్జర్ విషయంలో ఇంట్లో ఉన్న 65 వాట్ల ఫోన్ ఛార్జర్ చాలునని చాలామంది భావిస్తారు. ఏ7 త్రీకి టైప్-సి రంధ్రం ఉన్నా, ఎక్కువ వోల్టేజితో వేగంగా ఛార్జి చేసే పవర్ డెలివరీ పద్ధతి దానికి తెలియదు; ఛార్జర్ ఎంత శక్తి ఇవ్వగలిగినా అది మామూలు 5 వోల్టులనే తీసుకుంటుంది. పైగా కెమెరాను ఆపితే గాని బ్యాటరీ ఛార్జి కాదు, కనుక ఆ గంటల పాటు కెమెరా గోడకు కట్టుబడి ఉంటుంది. సోనీ బీసీ-క్యూజెడ్1 అనే విడి ఛార్జర్ ఖాళీ బ్యాటరీని దాదాపు రెండున్నర గంటల్లో నింపుతుంది. దాని ధర ఎక్కువే, కాని పెళ్లిపనికి వెళ్లేవారికి ఆ ఖర్చు తప్పదు. సరదాగా తీసుకునేవారికి పవర్ బ్యాంకు, ఓపిక ఉంటే చాలు.

ఇక మెమరీ కార్డులు. కార్డు మీద సెకనుకు 170, 200 మెగాబైట్లని మెరిసే అంకె చదివే వేగం, అదీ గరిష్ఠం. మామూలు కార్డులు సమాచారాన్ని పంపే యూహెచ్‌ఎస్-1 పద్ధతికి ప్రమాణం ప్రకారం ఉన్న పరిమితి 104 మెగాబైట్లు. దానికి మించిన వేగం ఆ కంపెనీ సొంత పద్ధతిని గుర్తించే రీడర్‌లోనే (కార్డును కంప్యూటర్‌కు కలిపే పరికరంలోనే) వస్తుంది. ఫొటో తీసే క్షణంలో మనకు కావలసింది రాసే వేగం, వీడియోకైతే ఆ వేగం ఎంతకు దిగజారదన్న హామీ. ఆ హామీని తెలిపేవి చిన్న గుర్తులు: యు3, వి30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు, వి60 అంటే 60, వి90 అంటే 90. ఈ కెమెరా 4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్లతో రాస్తుంది. బిట్లను ఎనిమిదితో భాగిస్తే అది పన్నెండున్నర మెగాబైట్లే, కాబట్టి యు3 కార్డు నిక్షేపంగా సరిపోతుంది, వి90 కొనడం దండగ. 64 జీబీ కార్డులో అలాంటి వీడియో గంటకు పైగా పడుతుంది.

ఫొటోల సంగతి వేరు. తలంబ్రాల సమయంలో సెకనుకు పది చొప్పున తీస్తే కంప్రెస్ చేసిన రా ఫైళ్లు (జేపీఈజీగా మార్చని ముడి ఫొటోలు) 89 దాకా, కంప్రెస్ చేయనివి 40 దాకా కెమెరా తాత్కాలిక మెమరీలో పడతాయి; అంటే రెండో రకంలో నాలుగు సెకన్లకే అది నిండిపోతుంది. ఆ తరువాత అది ఖాళీ అయ్యే వేగమంతా కార్డుదే. మామూలు కార్డుతో వధూవరులు నవ్వడం పూర్తయినా కెమెరా రాస్తూనే ఉంటుంది, ఆ సేపు కొన్ని సెట్టింగులు కూడా తెరవనివ్వదు. రెండో వరుస పిన్నులుండే యూహెచ్‌ఎస్-2 కార్డు వేశాక ఆ నిరీక్షణ బాగా తగ్గింది. అయితే ఏ7 త్రీలో మొదటి స్లాటు ఒక్కటే ఆ వేగాన్ని అందుకోగలదు, ఆ మొదటి స్లాటు విచిత్రంగా కింద ఉంటుంది. రెండు కార్డుల్లోనూ ఒకేసారి రాయించుకుంటే నెమ్మదైన స్లాటే వేగాన్ని నిర్ణయిస్తుంది. ఇది తెలిసీ పెళ్లిళ్లలో నేను రెండింట్లోనూ రాయిస్తాను, ఎందుకంటే తాళి కట్టే ఘట్టాన్ని మళ్లీ చేయమని ఎవరినీ అడగలేం. పక్షుల దగ్గర మాత్రం కింది స్లాటును ఒక్కదాన్నే వాడతాను.

కార్డులు చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో కొనేవారు జీఎస్టీ బిల్లు, పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ఉన్నాయో లేదో చూసుకోవాలి. బిల్లు ఉన్నా కార్డును పరీక్షించకుండా పనికి తీసుకెళ్లకూడదు. నకిలీ కార్డు 128 జీబీ అని కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది కాని, లోపల ఉన్న నిజమైన చోటు నిండాక వచ్చే ఫైళ్లు పాడైపోతాయి, ఆ సంగతి ఎక్కడా హెచ్చరికగా కనిపించదు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డు మొత్తం నింపి, తిరిగి చదివి, తేడా ఉంటే చెబుతాయి. సమయం పడుతుంది కాని దీనికి మించిన పరీక్ష లేదు.

రీడర్ యూహెచ్‌ఎస్-2ను గుర్తించనిదైతే ఖరీదైన కార్డు కూడా కంప్యూటర్ దగ్గర పాత వేగంతోనే నడుస్తుంది. అందుకే కార్డుతో పాటే తగిన రీడర్‌కూ డబ్బు కేటాయించుకోవడం మంచిది.

ఏ7 ఫోర్, ఆ తరువాతి కెమెరాలు ఉన్నవారికి నేను పైన ఛార్జర్ గురించి రాసినది వర్తించదు, ఎందుకంటే అవి పవర్ డెలివరీని గుర్తిస్తాయి. మంచి ఫోన్ ఛార్జర్ వాటికి నిజంగానే పనికివస్తుంది. ఏ7 ఫోర్‌లో బ్యాటరీ మాత్రం అదే ఎఫ్‌జెడ్100 కనుక, ఏ7 త్రీ అమ్మి దానికి మారేవారు పాత అసలు బ్యాటరీలను పాత కెమెరాతో పాటు ఇచ్చేయకుండా తమ దగ్గరే ఉంచుకోవచ్చు.