లోవెల్ బూట్ మిల్లు: నాలుగో తరగతి పిల్లలతో వెళ్లి చూశాక

మసాచుసెట్స్‌లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. లోవెల్‌లోని బూట్ కాటన్ మిల్స్ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్తున్నామని బడి నుంచి చీటీ వస్తే, తోడు వెళ్లే పెద్దల్లో మీ పేరు తప్పకుండా రాయించుకోండి. మా అమ్మాయి తరగతితో నేనూ వెళ్లాను. మాది చీరాల నేత కుటుంబం. మగ్గం చప్పుడు మధ్యే పెరిగాను. అయినా అక్కడి నేతగది నన్ను నిలువునా కుదిపేసింది.

గుమ్మంలోనే చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ప్లగ్‌లు ఇస్తారు. లోపల 88 మరమగ్గాలు బారులు తీరి ఉంటాయి. పైకప్పు కింద తిరిగే ఇరుసుల నుంచి తోలు పట్టాలు దిగి వాటిని నడుపుతాయి. ఒకేసారి నడిపేది కొన్నింటినే, వాటికే కాళ్ల కింద చెక్కనేల అదురుతుంది. మా ఇంట్లో అడ్డనూలు మోసే నాడె అటూ ఇటూ పోవడం లెక్కపెట్టగలిగేవాళ్లం, ఇక్కడ కంటికే ఆనదు. పక్కనున్న పాప ఏదో అడిగింది. పెదవులు కదలడమే కనిపించింది.

పై అంతస్తుల్లో, బడిపిల్లలకు పారిశ్రామిక చరిత్ర నేర్పే సాంగస్ కేంద్రం వాళ్లు పిల్లల చేత పత్తి ఏకిస్తారు, చిన్న మగ్గాల మీద నేయిస్తారు. మా అమ్మాయి పేక నూలును, అంటే అడ్డనూలును, బిగించి లాగేసరికి అంచులు లోపలికి ముడుచుకున్నాయి. నూలును కాస్త ఏటవాలుగా వదిలి, ఆ తర్వాత పలకతో దగ్గరకు కొట్టమని అక్కడి బోధకురాలు ఓపికగా చూపించారు. మా నాయనమ్మ నాకు నేర్పిందీ అచ్చం ఇదే. నాలుగు వరుసలు నేసేసరికి అంచు తిన్నగా వచ్చింది. దాని మొహం చూడాలి!

చరిత్రను చెప్పే తీరు నాకు మరీ నచ్చింది. ఈ ఊరి మిల్లులకు పత్తి అమెరికా దక్షిణాది బానిసల చేతుల మీదుగా వచ్చింది. ఇక్కడ నేసిన ముతక గుడ్డలో కొంత తిరిగి ఆ బానిసల ఒంటి మీదికే చేరింది. ఈ సంగతి పిల్లలకు చెప్పి తీరాలి. 1836లో కార్మికుల వసతిగృహాల ఖర్చు పెంచినప్పుడు సమ్మెకు దిగిన వాళ్లలో హారియెట్ హాన్సన్ వయసు 11 ఏళ్లు. కూతురిని అదుపులో పెట్టలేదని వాళ్లమ్మను వసతిగృహం పని నుంచి తీసేశారు. ఇది విన్నాక పిల్లల ప్రశ్నలు ఆగలేదు.

బస్సు వేళ కోసం తొందరపడి అవతలి వసతిగృహాన్ని పైపైన చూసి వచ్చేశాం. రోజంతా కేటాయించమని బడివాళ్లను ముందే అడగండి. పక్కనే కాలువలున్నాయి, ఈ ఊరి మిల్లులు మొదట నడిచింది ఆ నీటి బలంతోనే. అవి చూడకపోతే కథ సగమే తెలుస్తుంది. అక్కడే నేసిన తువ్వాళ్లు దుకాణంలో అమ్ముతారు, గట్టి నేత, కొనవచ్చు. మరీ చిన్నపిల్లలు ఆ మోతకు బెదురుతారు. తొమ్మిదేళ్లు దాటిన వాళ్లకైతే ఇంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల నేను చూడలేదు.