తొమ్మిది వేలలో పెళ్లిరోజు: విశాఖ, అరకు, భీమిలి

పెళ్లిరోజుకి ఎక్కడికైనా వెళ్దామనుకోగానే మా ఆయన ఫోన్లో తీసి చూపించింది సముద్రం ఎదురుగా ఉన్న ఒక హోటల్ ప్యాకేజీ. మంచం మీద గులాబీ రేకులు, కేకు, కొవ్వొత్తుల వెలుగులో భోజనం. ఒక్క రాత్రికి 11,000, పన్నులు అదనం. అంతకంటే తక్కువలోనే రాజమండ్రి నుంచి బయల్దేరి విశాఖ, అరకు, బొర్రా, భీమిలి చూసి వచ్చాం. రైళ్లు, బస్సులు, ఆటోలు, గదులు, తిండి, టికెట్లు అన్నీ కలిపి ఇద్దరికీ తొమ్మిది వేల చిల్లర.

బేరమాడి తగ్గించుకున్నది పెద్దగా ఏమీ లేదు. మా పెళ్లిరోజు ఫిబ్రవరిలో, ఈసారి బుధవారం పడింది. అదొక్కటే కలిసొచ్చింది. సంక్రాంతి రద్దీ అయిపోయి, వారం మధ్యలో అరకు ఖాళీగా ఉంటుంది. మాకు 1,200కి ఇచ్చిన గదికే శని, ఆదివారాల్లో అయితే 2,500 అన్నారు. పెళ్లిరోజు శనివారం వచ్చినవాళ్లకి నా సలహా, మంగళవారం జరుపుకోండి. అత్తగారు అడిగితే తిథి ప్రకారం అని చెప్పండి.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో సెకండ్ సిట్టింగ్ తీసుకుని మధ్యాహ్నానికి విశాఖ చేరాం. అరకు వెళ్లే కిరండూల్ ప్యాసింజర్ పొద్దున్నే ఏడు లోపే కదులుతుంది కాబట్టి ఆ రాత్రికి స్టేషన్లోని రిటైరింగ్ రూమ్ తీసుకున్నాం. రైలు టికెట్ పీఎన్ఆర్ ఉంటే ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవచ్చు. గది గురించి గొప్పలు చెప్పుకోవడానికేం లేదు. గోడలకి రంగు ఎప్పుడేశారో, అనౌన్స్‌మెంట్లు తెల్లవార్లూ. కానీ దుప్పట్లు ఉతికినవి, బాత్రూం శుభ్రం, పొద్దున ఆటో కోసం పరుగు లేదు. బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే గదికి మూడింతలు పెట్టే బదులు, రోడ్డు దాటి ఇసకలో కూర్చుంటే అదే సముద్రం.

ఆ సాయంత్రం కురుసుర చూశాం. 2001లో నేవీ నుంచి రిటైరైన జలాంతర్గామిని ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు. సోమవారం సెలవు, అది చూసుకోండి. లోపల చూపించేది నేవీలో పనిచేసి వచ్చినవాళ్లే, అందుకే చెప్పే తీరులో ఆ ఠీవి ఉంటుంది. ఒకరి మీద ఒకరు పడుకునే ఆ ఇరుకు బెర్తులు చూసి మా ఆయన "మన రెండు గదుల ఇల్లు నయమే" అన్నారు. తర్వాత ఆర్కే బీచ్‌లో ముంత మసాలా. నిమ్మకాయ ఎక్కువ పిండమని చెప్పండి, లేకపోతే ఉల్లిపాయే తగులుతుంది.

ఇక రైలు. విస్టాడోమ్ పెట్టె కూడా ఇదే దారిలో వెళ్తుంది. పైన అద్దాలు, తిరిగే కుర్చీలు, ఏసీ. ఛార్జీ మామూలు పెట్టెకి ఎన్నో రెట్లు. పెద్దవాళ్లతోనో చంటిపిల్లలతోనో వెళ్తే అది తీసుకోవడమే మంచిది. ఇద్దరే వెళ్తుంటే మాత్రం నేను మామూలు పెట్టెకే ఓటేస్తాను. విస్టాడోమ్‌లో అద్దాలు తెరుచుకోవు. ఇక్కడ కిటికీలోంచి చల్లగాలి మొహానికి కొడుతుంది, జాంకాయలవాడు, పల్లీలవాడు వస్తూ పోతూ ఉంటారు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, లోయలు ఎక్కువగా అటే. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం లైనులో 58 సొరంగాలున్నాయి. అరకు లోపే చాలా వచ్చేస్తాయి. సొరంగం రాగానే పెట్టెలో కుర్రాళ్లంతా ఒకటే కేకలు. చీకట్లో మా ఆయన నా చెయ్యి పట్టుకునేవారు, వెలుగు రాగానే వదిలేసి పేపర్ తిరగేసేవారు. ఎదురు సీటులో ఒక మామ్మగారు ఇదంతా కనిపెట్టి, తర్వాత సొరంగం ముందు "అమ్మాయ్, వస్తోంది" అని నవ్వారు.

బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి ఎగుమతి చేయడానికని 1960ల్లో వేసిన లైను ఇది. ఇప్పటికీ ఖనిజం గూడ్సులు ఎదురవుతూనే ఉంటాయి, మన బండి ఎక్కడో ఒకచోట ఆగి దారిస్తూ ఉంటుంది. గంటలు లెక్కపెట్టుకునేవాళ్లకి విసుగే. శిమిలిగుడలో బోర్డు మీద సముద్రమట్టానికి 996 మీటర్లు అని ఉంటుంది, అది చూశాక కాసేపటికే అరకు.

అరకులో టూరిజం వాళ్ల హరిత రిసార్టులు ఉన్నాయి. తోటలు, విశాలమైన ఆవరణ కావాలంటే అవే బాగుంటాయి, కానీ మా లెక్కకి కాస్త ఎక్కువ. మేం దిగింది ఊళ్లో ఒక ప్రైవేటు లాడ్జిలో. అక్కడ రిసెప్షన్లో కుర్రాడు మా ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. నా కార్డులో ఇంకా పుట్టింటి ఇంటిపేరే, మా నాన్న పేరే ఉన్నాయి. "మ్యారేజ్ ప్రూఫ్ ఉందా మేడం?" మెళ్లో నల్లపూసలు, కాళ్లకి మెట్టెలు అతనికి సరిపోలేదు. మా ఆయనకి కోపం వచ్చింది కానీ, ఫోన్లో తలంబ్రాల ఫొటో తీసి చూపించారు. అతను ఫొటో చూసి, ఈయన్ని చూసి, మళ్లీ ఫొటో చూశాడు. అప్పట్లో ఈయనకి జుట్టు ఎక్కువ. పెళ్లయినా కాకపోయినా ఇద్దరు పెద్దవాళ్లు ఐడీ చూపించి గది తీసుకుంటే ఈ ఆరా ఏమిటో నాకు అర్థం కాదు. ఇలాంటిచోట దిగేవాళ్లు ఫోన్లోనే ముందు అడిగి తేల్చుకోండి. వేణ్ణీళ్లు పొద్దున 6 నుంచి 8 వరకే అన్నదీ గదిలోకి వెళ్లాకే చెప్పారు. అరకు చలికి ఆ రెండు గంటలూ ముఖ్యం.

పెళ్లిరోజు విందు బొంగు చికెన్. చాపరాయి జలపాతానికి వెళ్లే దారిలో బండి దగ్గర ఆర్డరిచ్చి, అక్కడే బల్ల మీద కూర్చున్నాం. కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ ఉంటారు. నూనె చుక్క పడదు. పచ్చగా ఉన్న బొంగు నల్లబడి, చివరల్లోంచి రసం బుసబుసమని కారడం మొదలయ్యాక ఇంకా కాసేపు ఆగాలి. ముప్పావుగంట పట్టింది, మాకేం తొందర? బొంగు చీల్చి విస్తరాకులో పోసినప్పుడు వచ్చే ఆ వాసన కోసం మళ్లీ వెళ్లొచ్చు. కేజీ లెక్కన అమ్ముతారు, ఇద్దరికి అరకేజీ చాలు. తయారుగా పెట్టిన బొంగులు వేడిచేసి ఇచ్చే బండ్లూ ఉన్నాయి, మన కళ్లముందు కూరిందే అడగండి.

కాఫీ మ్యూజియం చిన్నది, పక్కనే ఉన్న చాక్లెట్ల కొట్టులోనే జనం ఎక్కువ. పద్మాపురం తోటలో చెట్ల నీడన ఓ గంట బాగానే గడిచింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకి కూరగాయలు పండించడానికి పెట్టిన తోట అది. వంజంగి మేఘాలు చూడాలంటే తెల్లవారుజామున బండి కట్టించుకుని కొండెక్కాలి. పెళ్లిరోజు మర్నాడు నిద్ర మానుకునేంత మేఘాలు నాకు అక్కర్లేదు.

మర్నాడు ఆటో మాట్లాడుకుని గాలికొండ, అనంతగిరి మీదుగా బొర్రా వరకు దిగాం. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి, వాటి నీడన కాఫీ. ఆ రోజుల్లో ఇళ్ల ముందు కాఫీ పళ్లు ఆరబోసి ఉన్నాయి. బొర్రాలో గుహ లోపల రంగుల లైట్లు ఎవరికి నచ్చుతాయో గానీ, లైటు పడనిచోట రాయి అందం వేరు. గేటు దగ్గర కోతులున్నాయి, చేతిలో తినేవి ఏవీ కనపడకూడదు. ఇక్కడి గోస్తనీ నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని మా ఆయన చెప్పేసరికి భీమిలి కూడా జాబితాలో చేరింది. విశాఖ నుంచి 900K నంబరు సిటీ బస్సులో పొద్దున్నే వెళ్లి, దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూశాం. పెద్ద ఖర్చేం లేదు, ఎండెక్కక ముందే తిరిగేయాలి.

అరకు, బొర్రా నుంచి వెనక్కి రావడానికి మాత్రం రైలు మీద ఆశ పెట్టుకోకండి, మర్నాడు మీకు వేరే రైలు ఉంటే అసలే వద్దు. ఆర్టీసీ బస్సు ద్వారకా బస్టాండ్‌కి చేరుస్తుంది. ముందు సీట్లు పట్టుకోండి, మలుపుల్లో కడుపు తిప్పుతుంది. బొంగు చికెన్ తిన్న రోజు మధ్యాహ్నమే ఘాట్ దిగాలనుకుంటే మరీ.