రిస్టోర్ పాయింట్లు ఎందుకు మాయమైపోతాయి? ఎక్స్‌పీ రోజుల నుంచి సిస్టమ్ రిస్టోర్ వాడుతున్న నా రివ్యూ

సిస్టమ్ రిస్టోర్ అంటే విండోస్ సిస్టమ్ ఫైళ్ళని, సెట్టింగ్‌లని, డ్రైవర్లని (హార్డ్‌వేర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లని) వెనకటి స్థితికి తిప్పే ఫీచర్, అలా దాచుకున్న ఒక్కో స్థితే రిస్టోర్ పాయింట్. ఇది 2000లో విండోస్ ఎంఈ (మిలీనియం ఎడిషన్)తో వచ్చింది, నేను మాత్రం ఎక్స్‌పీ నుంచి వాడుతున్నా, ఇప్పుడు విండోస్ 11లో కూడా ఆన్‌లోనే ఉంచా. మంచి ఫీచర్ అండీ, ఏదో డ్రైవర్ వేసాక సౌండ్ పోయినా, స్క్రీన్ నల్లగా వచ్చినా నిన్నటి పాయింట్‌కి వెళ్ళిపోతే మళ్ళీ మామూలైపోతుంది, ఫార్మాట్ కొట్టాల్సిన పని లేకుండా మా ఇంట్లో సిస్టమ్ చాలాసార్లు బయటపడింది. కానీ కావాల్సిన రోజున ఓపెన్ చేస్తే పాయింట్లు ఏమీ లేవు అని చూపించడం కూడా జరుగుతుంది, అందుకే ఈ రివ్యూలో ఎక్కువ దాని గురించే రాస్తున్నా.

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. విండోస్ విస్టా నుంచి ఇది షాడో కాపీ పద్ధతిలో పనిచేస్తుంది, అంటే డిస్క్ మీద ఏదైనా బ్లాక్ (డేటా ముక్క) మారబోతుంటే పాత బ్లాక్‌ని పక్కన దాచుకుంటుంది, ఆ దాచుకునేది కూడా మామూలుగా అదే సీ డ్రైవ్‌లో, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే దాచి ఉంచిన ఫోల్డర్‌లో, దానికి మనం పెట్టిన జాగా లిమిట్ లోపలే. లిమిట్ నిండితే అన్నిటికంటే పాతది పోతుంది. అంటే పాయింట్ అనేది ఎప్పటికీ ఉండేది కాదు, డిస్క్ మీద ఎంత ఎక్కువ రాస్తే అంత త్వరగా పోతుంది.

పాయింట్లు పోయాయనగానే చాలామంది వైరస్ అనుకుంటారు. వైరస్ కూడా కారణం కావొచ్చు, ఫైళ్ళు లాక్ చేసి డబ్బులడిగే రకాలు ముందుగా షాడో కాపీలనే చెరిపేస్తాయి, కానీ అప్పుడు మీ ఫైళ్ళు కూడా తెరుచుకోవు కాబట్టి తెలిసిపోతుంది. నేనైతే ముందు విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ ఓపెన్ చేసి సిస్టమ్ లాగ్‌లో వోల్‌స్నాప్ (volsnap, షాడో కాపీలని చూసుకునే భాగం) అనే సోర్స్‌ని ఫిల్టర్ చేస్తా. అక్కడ ఈవెంట్ 33 ఉంటే లిమిట్ దాటకుండా పాతది తీసేసారని అర్థం, అది మామూలే. 36 ఉంటే మనం పెట్టిన లిమిట్ వల్ల జాగా పెరగలేక షాడో కాపీలని ఆపేసింది. 25 మాత్రం చెడ్డది, డిస్క్ మీద రాత ఒత్తిడి ఎక్కువై దాచుకునే జాగా టైమ్‌కి పెరగకపోతే ఆ డ్రైవ్ షాడో కాపీలు అన్నీ పోతాయి, ఒక్కటి కూడా మిగలదు. ఇది చూసాకే నేను వీడియో ఎడిటింగ్ టెంప్ ఫైళ్ళు, వర్చువల్ మెషిన్లు అన్నీ డీ డ్రైవ్‌కి మార్చేసా, సీ మీద విండోస్, ప్రోగ్రాములు తప్ప ఏమీ పెట్టను, అప్పట్నుంచి పాయింట్లు బాగా నిలుస్తున్నాయి.

లిమిట్ ఎంతుందో చూడాలంటే అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి vssadmin list shadowstorage అని కొట్టండి, ఎంత వాడింది, గరిష్ఠం ఎంత, రెండూ వస్తాయి. పెంచడానికి రిస్టోర్ సెట్టింగ్‌లు ఉండే సిస్టమ్ ప్రొటెక్షన్‌లో కాన్ఫిగర్ నొక్కి స్లైడర్ జరిపితే సరిపోతుంది, నేను 256 జీబీ ఎస్ఎస్‌డీలో 10 జీబీ ఇచ్చా. తగ్గించేటప్పుడు జాగ్రత్త, తగ్గిస్తే ఉన్నవి పోవచ్చు.

ఇక రెండు విండోస్‌లు పెట్టుకున్నవాళ్ళ సంగతి. పెళ్లి కార్డులు, కరపత్రాల డీటీపీ పని కోసం పేజ్‌మేకర్, అను ఫాంట్లతో ఎక్స్‌పీని ఉంచుకుని పక్కన విండోస్ 7 వేసుకున్న ఇళ్ళు మన దగ్గర చాలా ఉండేవి, మాది కూడా అంతే. ఎక్స్‌పీకి కొత్త రకం షాడో కాపీలు అర్థం కావు, ఒక్కసారి ఎక్స్‌పీలోకి బూట్ అయితే చాలు, విస్టా గానీ 7 గానీ పెట్టుకున్న పాయింట్లు మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ళు దీనికి చెప్పిన దారి ఏంటంటే ఎక్స్‌పీ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్‌లన్నీ ఉండే చోటులో) మౌంటెడ్ డివైసెస్ (MountedDevices) కింద ఆఫ్‌లైన్ (Offline) అనే కీ పెట్టి అందులో 7 ఉన్న డ్రైవ్ అక్షరానికి 1 విలువ ఇవ్వడం. అప్పుడు ఎక్స్‌పీకి ఆ డ్రైవ్ కనపడదు కాబట్టి పాడుచేయలేదు, కానీ అక్కడి ఫైళ్ళు మనకీ కనపడవు, అందుకని డీటీపీ ఫైళ్ళకి మూడో పార్టిషన్ వేరేగా పెట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ ఎక్స్‌పీని కూడా పక్కనే ఉంచుకుని వాడేవాళ్ళు ఉంటే ఇది తప్పకుండా చేయండి.

విండోస్ పెద్ద వెర్షన్ అప్‌డేట్ అయ్యాక పాత పాయింట్లు ఉండవు, ఒక్కోసారి ప్రొటెక్షనే ఆఫ్ అయి ఉంటుంది, వెళ్ళి చూసుకోవాలి. డిస్క్ క్లీనప్‌లో మోర్ ఆప్షన్స్ దగ్గర ఆఖరిది తప్ప మిగతావన్నీ తీసే బటన్ ఉంది, స్పీడ్ పెంచుతాం అనే క్లీనర్ సాఫ్ట్‌వేర్లు కూడా కొన్ని అదే పని చేస్తాయి, నేనైతే అలాంటివి ఇంట్లో ఎవరి సిస్టమ్‌లోనూ ఉంచను. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వాడేవాళ్ళకి 2025 జూన్ అప్‌డేట్ నుంచి పాయింట్లు గరిష్ఠంగా 60 రోజులే ఉంటాయి, ఆరు నెలల కిందటిది కనపడట్లేదంటే కంగారు పడక్కర్లేదు.

ఇంకోటి, అసలు పోలేదు, పుట్టనేలేదు అనే కేసు. విండోస్ 8 నుంచి గత 24 గంటల్లో ఒక పాయింట్ ఉంటే ఇన్‌స్టాలర్లు అడిగినా ఇంకోటి తయారవదు. మనం చేత్తో క్రియేట్ నొక్కితే మాత్రం అవుతుంది, అందుకే డ్రైవర్ మార్చేముందు నేను చేత్తోనే పెట్టుకుంటా, పేరులో తేదీతో పాటు ఏం వేయబోతున్నానో కూడా రాస్తా.

పోయిన పాయింట్‌ని తిరిగి తెచ్చే దారి నాకైతే ఎక్కడా దొరకలేదు, తెస్తామని డబ్బులడిగే టూల్స్‌ని నమ్మొద్దు. ఫొటోలు, డాక్యుమెంట్లు దీని పరిధిలోకి రానే రావు, అవి బయటి హార్డ్‌డిస్క్‌లో కాపీ ఉండాల్సిందే. నేను మొత్తం సీ డ్రైవ్ ఇమేజ్ (డ్రైవ్‌కి అచ్చు కాపీ) కూడా అదే హార్డ్‌డిస్క్‌లో అప్పుడప్పుడు తీసి పెడతా. రేటింగ్ అడిగితే ఐదుకి మూడున్నర ఇస్తా, నిన్నా మొన్నా వేసిన డ్రైవర్‌ని వెనక్కి తీయడానికి దీన్ని మించింది లేదు, పోయిన నెల సంగతికైతే ఇమేజ్ మీదే ఆధారపడతా.