హుద్‌హుద్ తర్వాత కొన్న జనరేటర్: పదేళ్ల వాడకం, ఒక రిపేరు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేశాక మా వీధికి కరెంటు రావడానికి ఆరు రోజులు పట్టింది. అమ్మ ఇన్సులిన్ పాడవకుండా ఐసు కోసం ఊరంతా తిరిగాను. ఆ దెబ్బకి మరుసటి ఏడే 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ కొన్నాం.

ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, లైట్లు, వైఫై వరకు ఢోకా లేదు. ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు మాత్రం లాగదు. లాగుతుందనే షాపులో చెప్పారు. మోటారు నడుస్తున్నప్పుడు ముప్పావు కిలోవాట్ పైచిలుకు చాలు కానీ, స్టార్టయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు కావాలి. స్విచ్ వేస్తే జనరేటర్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోతుంది.

అసలు గోల పోయిన వేసవిలో మొదలైంది. చోక్ (ఇంజన్‌కి గాలి తగ్గించే మీట) వేస్తే స్టార్టవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. సగం చోక్‌లో పెడితే ఇంజన్ ఊగుతూ నడుస్తుంది, దాంతోపాటు లైట్లూ వెలుగుతూ మసకబారుతూ ఉంటాయి. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ట్యాంకు మూతైనా తీయకుండా కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం) కొత్తది వేయాలి, ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) విప్పాలి, తొమ్మిది వేలవుతుంది అన్నారు. ఆటోలో వెనక్కి తెచ్చేశాను.

మా సందు చివర స్కూటర్ల మెకానిక్ మూత తీసి వాసన చూశాడు. "ఇందులో పెట్రోలు ఎప్పటిది సార్?" అన్నాడు. లెక్క వేస్తే ఎనిమిది నెలలు. నిజమే, అది పెట్రోల్ వాసన కాదు, పాత పెయింటు డబ్బా వాసన. కార్బరేటర్ కింది స్క్రూ విప్పి గాజు గ్లాసులో పట్టాడు. పైన పసుపు పెట్రోల్, అడుగున నీటి బొట్లు గోళీల్లా దొర్లుతున్నాయి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. మాది సముద్రం గాలి, ఇక చెప్పేదేముంది!

కార్బరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న బెజ్జం ఉన్న జెట్ విప్పి ఎండకేసి చూపించాడు. బెజ్జం కనిపించలేదు, జిగురు కట్టేసింది. కరెంటు వైరులోంచి ఒక్క రాగిపోగు లాగి మెల్లగా దూర్చాడు. "ఇనుప తీగ పెడితే బెజ్జం పెద్దదైపోద్ది సార్, పెట్రోల్ తాగేస్తది." స్ప్రే కొట్టి, ప్లగ్ తుడిచి, కొత్త పెట్రోల్ పోసి తాడు లాగితే రెండో గుంజుకే అందుకుంది. ఆరు వందలు తీసుకున్నాడు.

అతన్ని మరీ ఆకాశానికెత్తడం లేదు. వెళ్లేముందు చెవితో విని స్క్రూ తిప్పి స్పీడు పెంచాడు. స్కూటరుకి ఐడ్లింగ్ పెంచితే పోయేదేమీ లేదు. ఇది నిమిషానికి 3000 చుట్లు తిరిగితేనే ఇంటి కరెంటుకి ఉండాల్సిన 50 హెర్ట్జ్ వచ్చే యంత్రం. పైగా నాది ఓల్టేజీని నిలకడగా ఉంచే ఏవీఆర్ లేని కెపాసిటర్ రకం, స్పీడుతోపాటు ఓల్టేజీ కూడా పెరుగుతుంది. ఆ రాత్రి ఫ్యాన్లు గిర్రున తిరుగుతుంటే సంబరపడ్డాం, ఈలోగా సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ కాలిపోయింది. మీటరు పెడితే 56 హెర్ట్జ్! స్క్రూ కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పి, లోడు లేనప్పుడు 52, ఫ్రిజ్ వేశాక 50 చూపేలా నేనే సరిచేసుకున్నాను.

అప్పట్నుంచి పని అయ్యాక స్విచ్ ఆపను. పెట్రోల్ కాక్ కట్టేసి, కార్బరేటర్‌లో ఉన్నదంతా కాలి అదే ఆగేదాకా వదిలేస్తాను. నెలకోసారి పది నిమిషాలు ఫ్రిజ్ లోడుతో నడుపుతాను. ట్యాంకులో మిగిలిన పెట్రోల్ నెల దాటితే స్కూటర్‌లో పోసేస్తాను. ఇప్పటిదాకా మళ్లీ మొరాయించలేదు. వాన పడుతున్నా సరే జనరేటర్‌ను వరండాలో పెట్టం, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. పెరట్లో కిటికీలకి దూరంగా రేకుల పందిరి వేయించాను.

రోజూ పోయే గంటా రెండు గంటల కరెంటు కోసమైతే ఇది కొనక్కర్లేదు, ఇన్వర్టర్ చాలు. దీని అవసరం తుపాను రోజుల్లోనే. మోటారు సంగతి మాత్రం పదేళ్లుగా అలాగే ఉంది. తుపాను కబురు రాగానే ముందు పై ట్యాంకు నింపుకుని, తర్వాతే క్యాను పట్టుకుని బంకుకి వెళ్తాను.