డాక్టర్ హూ: ఇంటిల్లిపాదీ కలిసి చూడదగినదేనా?

బడికి వెళ్లే పిల్లలతో కలిసి బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూ చూడవచ్చా అని బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్లు నన్ను తరచుగా అడుగుతుంటారు. పిల్లలిద్దరూ, మా వారూ నేనూ, నిజామాబాద్ నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న మా అత్తగారూ, ఇలా మూడు తరాలవాళ్లం పదేళ్లకు పైగా ఈ సీరియల్‌ను ఒకే గదిలో కూర్చుని చూస్తున్నాం. ఆ అనుభవంతో నేను చెప్పే జవాబు ఇది: నిరభ్యంతరంగా చూడవచ్చు, అయితే పెద్దవాళ్లు ఎవరో ఒకరు పిల్లల పక్కన కూర్చుని ఉండాలి. వాళ్ల చేతికి రిమోట్ ఇచ్చి మన వంటపనిలో మనం పడిపోవడానికి పనికివచ్చే కార్యక్రమం కాదిది.

అసలు ఇది పుట్టిందే కుటుంబమంతా కలిసి చూడటం కోసం. 1963 నవంబరు 23 శనివారం సాయంత్రం బీబీసీలో మొదటి ఎపిసోడ్ ప్రసారమైంది. మధ్యాహ్నం క్రీడలు చూసే పెద్దలూ, ఆ తరువాత వచ్చే పాటల కార్యక్రమం కోసం కాచుకుని ఉండే కుర్రకారూ మధ్యలో లేచిపోకుండా కూర్చోబెట్టే కథ ఒకటి కావాలన్నది అప్పటి నాటక విభాగాధిపతి సిడ్నీ న్యూమన్ ఆలోచన. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కు అప్పటికి 27 ఏళ్లు. తొలి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. (ఈ రెండో సంగతి చెప్పినప్పుడు పిల్లలకంటే మా వారే ఎక్కువ సంబరపడ్డారు.) కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే, అందరూ డాక్టర్ అని పిలిచే ఒక ముసలాయన, ఆయన మనుమరాలు, వాళ్లతో పాటు అనుకోకుండా ప్రయాణం కట్టవలసి వచ్చిన ఇద్దరు ఉపాధ్యాయులు మొదటి పాత్రలు. ఆ ఇద్దరిలో ఒకరిని సైన్సు మాస్టారుగా, మరొకరిని చరిత్ర టీచరుగా పెట్టడంలో ఉద్దేశం స్పష్టమే. భయంకరమైన జంతువులూ భూతాలూ వద్దని న్యూమన్ పట్టుబట్టినా, ఆ డిసెంబరులోనే డాలెక్‌లు రంగప్రవేశం చేశాయి, సీరియల్ నిలదొక్కుకున్నది కూడా వాటి వల్లనే. లోహపు కవచంలో దాక్కుని, గుండీల్లాంటి బుడిపెలతో, గీరుపోయిన గొంతుతో అరిచే ఆ జీవులను మొదటిసారి చూసినప్పుడు మా అత్తగారు భయపడటానికి బదులు "ఈ మరచెంబులు మాట్లాడుతున్నయేందిరా" అని నవ్వారు. మా అబ్బాయికి డాలెక్‌ల భయం ఆ ఒక్క మాటతో జన్మలో లేకుండా పోయింది.

కొత్తగా మొదలుపెట్టేవారు దీన్ని ఒకే సీరియల్ అనుకోకూడదు. 1966లో మొదటి డాక్టరు వేషం వేసిన విలియం హార్ట్‌నెల్ తప్పుకోవలసి వచ్చినప్పుడు, డాక్టరు చనిపోయే స్థితికి వస్తే అతని శరీరం మొత్తం మారిపోతుందనే ఉపాయం కనిపెట్టి పాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చారు. 1989లో ఆగిపోయి, మధ్యలో 1996లో ఒక టీవీ చిత్రంగా కనిపించి, 2005లో రసెల్ టి. డేవిస్ ఆధ్వర్యంలో మళ్లీ మొదలైంది. 2010 నుంచి స్టీవెన్ మోఫట్, 2018 నుంచి క్రిస్ చిబ్నాల్, 2023లో తిరిగి డేవిస్ పగ్గాలు పట్టారు. నటుడు మారడం కంటే ఈ ప్రధాన రచయిత మారడమే తల్లిదండ్రులు గమనించవలసిన విషయం. డేవిస్ కథల్లో ఇల్లూ, తల్లీ, వీధీ ఉంటాయి. మోఫట్ కథల్లో భయమూ, కాలంతో ఆడే చిక్కుముడులూ ఎక్కువ. చిబ్నాల్ కథల్లో చరిత్ర పాఠం తిన్నగా వినిపిస్తుంది.

పిల్లల విషయంలో ముందుగా అడిగేది హింస గురించే కాబట్టి అది చెబుతాను. నెత్తురు దాదాపుగా కనిపించదు. డాక్టరు సాధారణంగా తుపాకీ పట్టడు. అతని జేబులో ఉండేది ధ్వనితో పనిచేసే పనిముట్టు, సోనిక్ స్క్రూడ్రైవర్ మాత్రమే. బ్రిటన్‌లో రాత్రి తొమ్మిదికి ముందు ప్రసారమయ్యే కార్యక్రమాలకు ఉండే హద్దుల లోపలే ఇది తయారవుతుంది. కానీ దీని భయం వేరే దారిన వస్తుంది. పిల్లలు రోజూ చూసే వస్తువునే తీసుకుని దానిలో ప్రమాదాన్ని కూర్చోబెట్టడం వీళ్లకు వెన్నతో పెట్టిన విద్య. 2005 నాటి మొదటి ఎపిసోడ్‌లో బట్టల దుకాణంలోని బొమ్మలు కదులుతాయి. 2008లో వచ్చిన గ్రంథాలయం కథలో నీడలే మనుషులను తినేస్తాయి. 2007లో వచ్చిన బ్లింక్‌లో రాతి దేవదూతలు మనం చూస్తున్నంతసేపూ శిలల్లా నిలబడి, రెప్ప వేసిన క్షణంలో ముందుకు జరుగుతాయి.

ఆ బ్లింక్ ఎపిసోడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. రచనలోనూ చిత్రీకరణలోనూ దానికి సాటి వచ్చేవి తక్కువ, పైగా డాక్టరు అందులో కనిపించేదే కాసేపు. అయితే కథ సుఖాంతమై పిల్లలు ఊపిరి పీల్చుకున్న తరువాత, చివరి నిమిషంలో నగరంలోని మామూలు విగ్రహాలనూ, భవనాల మీది శిల్పాలనూ ఒకదాని తరువాత ఒకటి చూపిస్తూ, రెప్ప వేయవద్దన్న హెచ్చరికను మళ్లీ వినిపిస్తారు. కథలోని భయం ఇంట్లోకి వచ్చేది అక్కడే. మా అబ్బాయి ఆ తరువాత కొన్ని వారాల పాటు బడికి వెళ్లే అడ్డదారిలో ఉన్న చర్చి ప్రాంగణంలోంచి నడవనని మొండికేశాడు, ఎందుకంటే అక్కడి సమాధుల మీద అచ్చం అలాంటి దేవదూతలే ఉన్నాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఉంటే ఆ చివరి నిమిషానికి ముందే ఆపేయమని నా సలహా. కథకు వచ్చే లోటేమీ లేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది 2005లో రెండు భాగాలుగా వచ్చిన కథ. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల కింద ఉన్న లండన్‌లో గ్యాస్ మాస్కు ముఖంగా అతుక్కుపోయిన ఒక పసివాడు అమ్మ కోసం వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. మొదటి భాగం ఎంత భయపెడుతుందో రెండో భాగం అంత ఊరట ఇస్తుంది, చివరకు ఆ కథలో ఒక్కరు కూడా చనిపోరు. కనుక ఇటువంటి జంట ఎపిసోడ్‌లను ఒకే పూట పూర్తి చేయాలి. సగంలో ఆపి నిద్రపొమ్మంటే ఆ రాత్రి పిల్లలతో పాటు మనకూ నిద్ర ఉండదు.

భయం కంటే దుఃఖం గురించి తల్లిదండ్రులు తక్కువ ఆలోచిస్తారు. 2006 సీజన్ చివర డాక్టరూ, అతనితో కలిసి ప్రయాణించిన రోజ్ అనే అమ్మాయీ రెండు వేరు లోకాల్లో విడిపోయినప్పుడు మా అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. డేవిడ్ టెనెంట్ వెళ్లిపోయి మాట్ స్మిత్ వచ్చినప్పుడైతే కొత్తాయనను చూసేదే లేదని భీష్మించుకుంది. మా అత్తగారు మాత్రం "మొన్నటి పిలగాడు ఏడిరా, ఈయనెవరు?" అని ఒక్కసారి అడిగి, జవాబు విని, తలూపి ఊరుకున్నారు. ఒక డాక్టరు ముగిసిన మర్నాడే తరువాతి సీజన్ పెట్టకుండా కొంత విరామం ఇస్తే చాలు. స్మిత్ మొదటి ఎపిసోడ్‌లో ఆకలేసి చిన్నపిల్ల ఇంట్లో వంటగదిని చిందరవందర చేసి, ఆఖరికి చేపముక్కలను కస్టర్డ్‌లో ముంచుకుని తినే సన్నివేశం ఒకటి ఉంది. అది అయ్యేసరికి మా అమ్మాయి రాజీకి వచ్చింది.

నాకు నిజంగా అభ్యంతరం కలిగించినది ఒకటే, అది 2014 నవంబరు 1న తొలిసారి ప్రసారమైన డార్క్ వాటర్. చనిపోయినవారికి తమ దేహానికి జరిగేదంతా తెలుస్తుందనీ, తమను దహనం చేయవద్దని వాళ్లు వేడుకుంటున్నారనీ ఆ కథలో ఒక పాత్ర చెబుతుంది. తరువాత అదంతా మోసమని తేలుతుంది. ప్రసారమైన రోజుల్లోనే దీనిపై బీబీసీకి ఫిర్యాదులు వెళ్లాయి. మేం దీన్ని బీబీసీ వాళ్ల ఆన్‌లైన్ సేవ ఐప్లేయర్‌లో చూసేటప్పటికి మా మామగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఈ సీరియల్‌కు ఆంగ్ల సబ్‌టైటిల్స్ తప్ప వేరే ఆధారం లేదు కాబట్టి, మాటలన్నీ నాయనమ్మకు తెలుగులో చెప్పడం మా అబ్బాయి పని. ఆ మాట వచ్చినప్పుడు వాడు ఒక్క క్షణం ఆగి, "వాళ్లకు చలేస్తోందట నాయనమ్మా" అని చెప్పి ముందుకు సాగిపోయాడు. ఇంట్లో ఇటీవల ఎవరైనా పోయి ఉంటే, ముఖ్యంగా దహనం చేసే సంప్రదాయం ఉన్న కుటుంబాలవాళ్లు, ఈ ఎపిసోడ్‌ను పక్కన పెట్టడమే మంచిది.

అదే విధంగా 2009 నాటి ది వాటర్స్ ఆఫ్ మార్స్ ముగింపులో ఒక ముఖ్యపాత్ర తనను తాను కాల్చుకుంటుంది. తెర మీద చూపించరు, కానీ అర్థమవుతుంది. 2010లో వచ్చిన విన్సెంట్ వాన్‌గో కథలో చిత్రకారుడి మానసిక వేదననూ, ఆత్మహత్యనూ ఎంతో మర్యాదగా స్పర్శించారు. పన్నెండేళ్లు దాటిన పిల్లలతో ఆ విషయం ఎత్తడానికి నాకు ఇంతకంటే మంచి అవకాశం దొరకలేదు. అంతకు చిన్నవాళ్లకు మాత్రం అందులోని కనిపించని జంతువే గుర్తుంటుంది, మిగతాది తలకెక్కదు.

చరిత్ర కథల్లో మాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చింది 2018 నవంబరు 11న ప్రసారమైన డీమన్స్ ఆఫ్ ది పంజాబ్. వినయ్ పటేల్ రాసిన ఈ కథలో యాజ్ అనే బ్రిటిష్ పాకిస్తానీ యువతి తన అమ్మమ్మ యవ్వనాన్ని చూడటానికి 1947 ఆగస్టుకు వెళుతుంది. దేశ విభజన రేఖ గీసిన వేళ, ముస్లిం అయిన ఆ అమ్మమ్మ ఉంబ్రీన్‌కూ హిందువైన ప్రేమ్‌కూ పెళ్లి జరుగుతుంది. ప్రేమ్ చావుకు కారణమయ్యేది గ్రహాంతరవాసులు కాదు, సొంత తమ్ముడు. రాక్షసులనుకున్న ఆ గ్రహాంతర జీవులు నిజానికి ఎవరూ లేకుండా చనిపోతున్నవారి పక్కన సాక్షులుగా నిలబడటానికి వచ్చినవారు. చివర్లో అలవాటైన సంగీతం కూడా మన పద్ధతి ఆలాపనగా మారి వినిపిస్తుంది. ఎపిసోడ్ అయిపోయాక మా అత్తగారు, నిజాం పాలనలోని తమ ఊరికి ఆ 1947 ఆగస్టు రానేలేదని మొదలుపెట్టి, 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చేదాకా రజాకార్ల భయంతో తన తల్లి ధాన్యాన్ని పాతరలో దాచి, పిల్లలను వెంటబెట్టుకుని రాత్రులు చేలల్లో గడిపిన సంగతి చెప్పారు. ఆ సంగతి మా వారు కూడా అంతకు ముందు వినలేదు. అనువాదం చేసే పని ఆ సాయంత్రం వాళ్ల నాన్నకు పడింది, ఎందుకంటే పాతర అంటే ఏమిటో పిల్లలకు తెలియదు.

ప్రేమ వ్యవహారాల గురించి మన కుటుంబాల్లో కొందరు జంకుతారు. అక్కడక్కడ ముద్దులు ఉన్నాయి. 2010 సీజన్‌లో డాక్టరుతో ప్రయాణించే ఎమీ పాండ్ అతని మీద చొరవ తీసుకునే సన్నివేశం ఒకటి ఇబ్బందిగానే ఉంటుంది. స్వలింగ ప్రేమ ఉన్న పాత్రలు 2005 నుంచీ ఉన్నాయి, వాటిని అసభ్యంగా ఎక్కడా చూపలేదు. ఇక్కడి బళ్లలో చదివే పిల్లలకు అది కొత్త విషయం కాదు. పెద్దలు ప్రశ్నలు అడుగుతారు, అంతే.

పాత సీరియల్ సంగతి వేరు. 1963 నుంచి 1989 వరకు వచ్చినవి ఎక్కువగా సుమారు 25 నిమిషాల భాగాలు, ఒక్కో కథ సాధారణంగా నాలుగు నుంచి ఆరు భాగాలు నడిచేది. 1960ల నాటి ఎపిసోడ్‌లు తొంభైకి పైగా బీబీసీ దగ్గర లేవు. నేటి పిల్లలకు ఆ నడక మందకొడిగా తోస్తుంది, అట్ట ముక్కల గోడలు ఊగుతుంటే నవ్వొస్తుంది. అయితే పాతవన్నీ పసివాళ్లకు తగినవని భ్రమపడకూడదు. 1976లో టామ్ బేకర్ డాక్టరుగా నటించిన కథ ఒకదానిలో డాక్టరు తల నీళ్లలో ముంచి పట్టుకున్న దృశ్యం మీద ఎపిసోడ్ ఆపినందుకు టీవీలో హింస, అశ్లీలతలకు వ్యతిరేకంగా ఉద్యమించిన మేరీ వైట్‌హౌస్ తీవ్రంగా అభ్యంతరం చెప్పగా, బీబీసీ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 1977 నాటి ది టాలన్స్ ఆఫ్ వెంగ్ చియాంగ్‌లో చైనా మాంత్రికుడి వేషం ఒక తెల్ల నటుడు ముఖానికి రంగు పూసుకుని వేశాడు. కథ రక్తి కట్టినా, వలస వచ్చిన కుటుంబంలో పెరుగుతున్న పిల్లల ముందు దాన్ని వివరణ లేకుండా వదిలేయలేం.

కొత్తగా చూసేవారు 2005 సీజన్ నుంచి, పిల్లలకు ఎనిమిదేళ్లు నిండాక మొదలుపెట్టడం మేలు. ఒక్కో ఎపిసోడ్ దాదాపు ముప్పావు గంట కాబట్టి రాత్రి భోజనానికి ముందే అయిపోతుంది. మోఫట్ కాలానికి, ముఖ్యంగా 2011 సీజన్‌కు వచ్చేసరికి కథ ముందుకూ వెనక్కూ పోతూ పెద్దలకే తికమకగా ఉంటుంది. దాన్ని పిల్లలకు పదకొండు, పన్నెండేళ్లు వచ్చేదాకా ఆపవచ్చు. పాతవి రుచి చూపించాలంటే, 2023లో రంగులద్ది 75 నిమిషాలకు కుదించి ప్రసారం చేసిన తొలి డాలెక్ కథ చాలు. 1963 నాటి మొట్టమొదటి కథ హక్కుల పేచీ వల్ల 2023లో ఐప్లేయర్‌లో పెట్టిన పాత కథల్లో చేరలేదు. ఆరేడేళ్ల పిల్లలకైతే, పిల్లల కోసమే 2007 నుంచి తీసిన ది సారా జేన్ అడ్వెంచర్స్ సరిపోతుంది. ఐప్లేయర్‌లో ఇవన్నీ ఒకే విభాగంలో పెట్టారు కాబట్టి వాటి పక్కనే టార్చ్‌వుడ్ అనే మరో సీరియల్ కూడా కనిపిస్తుంది. అదే లోకం, డాక్టర్ హూలో కనిపించే అదే కెప్టెన్ జాక్, కానీ పూర్తిగా పెద్దవాళ్ల కోసం తీసింది. శృంగారమూ నెత్తురూ రెండూ ఉంటాయి. ఐప్లేయర్ సెట్టింగుల్లో తల్లిదండ్రుల పిన్ పెట్టుకునే వీలుంది, మొదటి ఎపిసోడ్ మొదలుపెట్టే ముందే ఆ పని చేసుకోండి.