టోర్, ఐటూపీ, హైఫానెట్: ఏళ్లుగా వాడాక తేలిందేంటంటే

టోర్, ఐటూపీ, హైఫానెట్ మూడూ నెట్‌లో మనమెవరో బయటపడకుండా ఉంచే నెట్‌వర్క్‌లు. ఈ మూడింట్లో ఏది మంచిది అని అడిగితే సరైన జవాబు రాదు, ఎందుకంటే మూడూ మూడు వేర్వేరు పనులకు పుట్టాయి. మామూలు వెబ్‌సైట్లను మనమెవరో తెలియకుండా చూడాలంటే టోర్. నెట్‌వర్క్ లోపలే నడిచే సైట్లు, టొరెంట్లు, మెయిల్ కావాలంటే ఐటూపీ. ఒక ఫైలు పెట్టేసి, మన సిస్టమ్ ఆపేసినా అది దొరుకుతూ ఉండాలంటే హైఫానెట్. ఒకదాని పని ఇంకోదానికి అప్పగిస్తేనే తిప్పలన్నీ.

టోర్‌లో మన డేటా మూడు రిలేల (డేటాను అందుకుని ముందుకు పంపే కంప్యూటర్ల) మీదుగా వెళ్తుంది. మొదటి రిలేకి మన ఐపీ (నెట్‌లో మన చిరునామా) తెలుసు, ఎక్కడికి పోతున్నామో తెలీదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలీదు. మన డేటాను ఒక కంపెనీ సర్వర్ మీదుగా పంపే వీపీఎన్‌లో ఈ రెండూ ఆ ఒక్క కంపెనీ చేతిలోనే ఉంటాయి. పైగా మన దేశంలో 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలను కనీసం ఐదేళ్లు భద్రపరచాలి. అందుకే వీపీఎన్ ఉందిగా, టోర్ ఎందుకు అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

టోర్ బ్రౌజర్ విండో సైజు మార్చితే పేజీ చుట్టూ బూడిదరంగు అంచులు వస్తాయి. అది లోపం కాదు. పేజీ వెడల్పు 200, ఎత్తు 100 పిక్సెళ్ల మెట్లలోనే మారేలా చేసి, స్క్రీన్ కొలతను బట్టి మనల్ని గుర్తుపట్టకుండా ఆపుతుంది. ఎక్స్‌టెన్షన్లు మాత్రం వేయొద్దు. ఒక్కటి వేసినా మిగతా టోర్ వాడకందార్ల నుంచి మీరు విడిగా కనిపిస్తారు. చివరి రిలేల జాబితా అందరికీ తెలిసిందే కాబట్టి చాలా సైట్లు క్యాప్చా పెడతాయి, లేదా అసలు తెరుచుకోవు. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే ఆ సైటుకు కొత్త దారి దొరుకుతుంది. కాలేజీ, ఆఫీసు నెట్‌లో టోర్ కనెక్టే కాకపోతే సెట్టింగ్స్‌లో కనెక్షన్ కిందున్న బ్రిడ్జ్‌లు (బయటి జాబితాలో లేని రిలేలు) వాడాలి. వాటిలో రకాలున్నాయి. నేనైతే ముందు ఓబీఎఫ్ఎస్4, అది కుదరకపోతే స్నోఫ్లేక్. స్నోఫ్లేక్ వాలంటీర్ల బ్రౌజర్ల మీద నడుస్తుంది, అందుకే దాని వేగం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.

టోర్ మీద టొరెంట్ పెట్టొద్దు. టొరెంట్లు వాడే డేటా పద్ధతుల్లో ఒకటైన యూడీపీని టోర్ మోయదు. కొన్ని టొరెంట్ క్లయింట్లు ప్రాక్సీని (టోర్ మీదుగా వెళ్లమన్న సెట్టింగ్‌ని) పక్కన పెట్టి నేరుగా బయటికి వెళ్తాయి, ట్రాకర్‌కి (టొరెంట్ వాడేవాళ్లను కలిపే సర్వర్‌కి) మన అసలు ఐపీ చెప్పేస్తాయి. ఈ పనికి ఐటూపీలోనే ఐటూపీస్నార్క్ అనే టొరెంట్ క్లయింట్ ఉంది.

ఐటూపీకి ఓపిక కావాలి. ఇన్‌స్టాల్ చేశాక బ్రౌజర్‌లో 127.0.0.1:7657 అని కొడితే కన్సోల్ (దాని సెట్టింగ్స్ పేజీ) తెరుచుకుంటుంది. మొదట్లో ఏ సైటూ రాదు. చాలామంది ఇక్కడే విసిగిపోయి తీసేస్తారు. మన రౌటర్‌కి (ఇక్కడ రౌటర్ అంటే ఇంట్లో పెట్టె కాదు, ఐటూపీ ప్రోగ్రామే) తోటి రౌటర్లు పరిచయమై, వాటి మీదుగా టనెల్స్ (డేటా వెళ్లే దారులు) కుదురుకోవాలి. కొన్ని గంటలు ఆన్‌లో ఉంచితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. బ్యాండ్‌విడ్త్ పేజీలో అంకెలు కిలోబిట్లు కావు, కిలోబైట్లు. 40 ఎంబీపీఎస్ లైనంటే అక్కడ సుమారు 5000. ఇది చూసుకోక ఎనిమిదింతలు ఎక్కువ రాసి, ఇంట్లో నెట్ మొత్తం నత్తనడక నడిచిందని ఐటూపీని తిట్టేవాళ్లు ఉంటారు.

టోర్ బ్రౌజర్ వాడేవాళ్లు రిలేలు కారు. ఐటూపీలో మాత్రం మామూలుగా ప్రతి రౌటరూ ఇతరుల డేటాను మోస్తుంది. కాబట్టి రోజుకు ఇన్ని జీబీ అనే మొబైల్ ప్యాక్ మీద ఇది పెట్టొద్దు, ఇంటి ఫైబర్ మీదే పెట్టండి. మీరు ఐటూపీ వాడుతున్నారన్న సంగతి దాగదు, అందులో ఏం చేస్తున్నారన్నదే దాగుతుంది. కన్సోల్‌లో 'ఫైర్‌వాల్డ్' (బయటివాళ్లు మనతో నేరుగా కలవలేకపోతున్నారు) అని కనిపిస్తే ఇంటి వైఫై రౌటర్‌లో ఐటూపీ పోర్టును టీసీపీ, యూడీపీ రెండింటికీ ఫార్వర్డ్ చేయాలి, అంటే బయటి నుంచి వచ్చేవి మన సిస్టమ్‌కి చేరేలా దారి ఇవ్వాలి. ఇంటర్నెట్ కంపెనీ సీజీనాట్ (చాలామందికి కలిపి ఒకే ఐపీ ఇచ్చే పద్ధతి) వెనక పెట్టి ఉంటే ఫార్వర్డ్ చేసినా ఫలితం ఉండదు. అయినా పనిచేస్తుంది, కొంచెం నెమ్మదిగా.

సిస్టమ్ మీద భారం తక్కువగా ఉండే ఐటూపీ ప్రోగ్రామ్ కావాలంటే ఐటూపీడీ ఉంది. దాని కన్సోల్ 7070 పోర్టులో. విండోస్, లినక్స్ రెండూ ఒకే మెషీన్‌లో ఉన్నవాళ్లకు అందులో 'క్లాక్ స్క్యూ' (గడియారంలో తేడా) అని వస్తుంటుంది. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన లోకల్ టైమ్ రాస్తుంది, లినక్స్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. దాంతో సరిగ్గా ఐదున్నర గంటల తేడా. ఒక నిమిషం తేడా ఉన్నా తోటి రౌటర్లు మనల్ని దగ్గరికి రానివ్వవు. ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేసి, ఐటూపీడీని రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

బ్రౌజింగ్‌కి ఫైర్‌ఫాక్స్‌లో విడి ప్రొఫైల్ పెట్టుకుని, ప్రాక్సీని 127.0.0.1, పోర్టు 4444 చేయండి. బయటి వెబ్ కోసం అవుట్‌ప్రాక్సీని (ఐటూపీ నుంచి మామూలు నెట్‌కి దారిచ్చే సర్వర్‌ని) నమ్ముకోకండి, ఆ పని టోర్‌దే. ఆపేటప్పుడు 'గ్రేస్‌ఫుల్' షట్‌డౌన్ నొక్కండి. ఒక్కో టనెల్ పది నిమిషాలు బతుకుతుంది కాబట్టి ఆగడానికి పదకొండు నిమిషాల దాకా పడుతుంది. మధ్యలో ప్లగ్ పీకితే మీ మీదుగా వెళ్తున్న ఇతరుల కనెక్షన్లూ తెగుతాయి.

హైఫానెట్ అంటే పాత ఫ్రీనెట్. 2023లో పేరు మారింది. బ్రౌజర్‌లో 127.0.0.1, 8888 పోర్టులో తెరుచుకుంటుంది. ఫైలును 32 కేబీ ముక్కలుగా కోసి, ఎన్‌క్రిప్ట్ చేసి, అందరి డిస్కుల్లో పంచిపెడుతుంది. అందులో లాగిన్‌లు, జావాస్క్రిప్ట్ ఉండవు, నిశ్చలమైన పేజీలే. ఎవరూ అడగని ఫైలు మెల్లగా చోటు కోల్పోయి మాయమవుతుంది. అందుకే ముఖ్యమైనవాటి అసలు కాపీ దగ్గరే ఉంచుకుని, అప్పుడప్పుడు కీతో (హైఫానెట్‌లో ఆ ఫైలు చిరునామాతో) తెరిచి చూసి, రాకపోతే మళ్లీ ఇన్సర్ట్ చేయాలి, అంటే ఎక్కించాలి.